కొట్టకూడదు సరే, మర్నాడు ఏం చెయ్యాలి?

2025 మార్చిలో మా హాస్టల్ గ్రూప్‌లో ఒక వీడియో తెగ తిరిగింది. మీలో చాలామంది చూసే ఉంటారు. విజయనగరం జిల్లా బొబ్బిలి మండలంలో ఒక జడ్పీ హైస్కూల్ హెడ్మాస్టర్ గారు పిల్లలందరి ముందూ సాష్టాంగపడి, లేచి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. మిమ్మల్ని కొట్టలేం, తిట్టలేం, ఇంక మేం చెయ్యగలిగింది ఏముంది అన్నది ఆయన బాధ. విద్యాశాఖ మంత్రి కూడా ఆయన్ని మెచ్చుకుంటూ పోస్ట్ పెట్టారు. మా గ్రూప్‌లో మాత్రం మెప్పు కంటే కోపం ఎక్కువ కనిపించింది. "బెత్తం ఉన్నన్నాళ్ళు ఈ గతి లేదు" అని ఒకడు. "మా సార్ తొడపాశం పెట్టబట్టే నాకు సీఎస్ఈ సీటొచ్చింది" అని ఇంకొకడు. చదువుకోడానికి వచ్చినవాళ్ళకి టీచర్ దండం పెట్టే రోజులొచ్చాయని ఒక అన్నయ్య పెద్ద పేరా రాశాడు.

నేను ఓ నవ్వు బొమ్మ పెట్టి, వీడియోని అమ్మకి పంపాను.

అమ్మ జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్. ఎక్కడో రాయను, మా జిల్లా అనుకోండి చాలు. రాత్రి వంట, గిన్నెలు అన్నీ అయ్యాక తొమ్మిదింటికి ఫోన్ చేసింది. "నేనైతే గుంజీలు తియ్యను గానీ, ఆయన బాధ నిజమేరా. మరి మర్నాడు ఏం చేశారట?" అంది. నాకు అర్థం కాలేదు. "ఎవరమ్మా?" అన్నాను. "ఎవరో ఒకరు. మర్నాడు అంటూ ఒకటి ఉంటుంది కదా" అంది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తన కనుబొమ్మ మీద మచ్చ సంగతి చెప్పింది.

ఆ మచ్చ నాకు తెలుసు. నేను ఇంటర్ సెకండియర్‌లో ఉండగా వచ్చింది. దసరాకి ఇంటికెళ్తే ఎడమ కనుబొమ్మ మీద నాలుగు కుట్లు. స్కూల్ మెట్ల మీద జారిపడ్డానని చెప్పింది. నాన్నకీ అదే చెప్పింది. సెలవు చీటీలో కూడా అదే రాసింది. ఏడాదిన్నర పాటు మా ఇంట్లో అదే నిజం.

అసలు జరిగింది వేరు. తొమ్మిదో తరగతి, మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడ్. ప్రభుత్వ బళ్ళలో పిల్లలు చాలామంది భోజనానికి స్టీలు కంచం సంచీలో పెట్టుకుని వస్తారు. వెనక బెంచీలో ఇద్దరు కుర్రాళ్ళకి మాటా మాటా పెరిగింది. ఒకడు లేచి కంచం విసిరాడు. అది తగలాల్సింది ఎదుటివాడికి, తగిలింది మధ్యలోకి వెళ్ళిన అమ్మకి. కంచం అంచు ఎంత పదునుంటుందో ఎప్పుడైనా చూశారా? నేను ఈ వ్యాసం రాసేటప్పుడు మెస్సులో వేలు పెట్టి చూశాను.

పీహెచ్‌సీలో కుట్లు వేయించుకుని అమ్మ తిరిగొచ్చేసరికి స్టాఫ్‌రూమ్‌లో పంచాయితీ మొదలైపోయింది. ఒకరేమో టీసీ ఇచ్చి పంపేద్దాం అన్నారు. ఇంకొకరు పోలీసులకి చెప్దాం అన్నారు. పేపర్‌కి ఎక్కితే మన స్కూల్ పేరే పోతుంది మేడం, మనమీదే ఎంక్వైరీ వస్తుంది అని మూడోవారు. ఈలోగా కబురందుకుని ఆ కుర్రాడి నాన్న వచ్చాడు. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నడుముకున్న బెల్టు తీసి, అందరి ముందూ కొడుకుని కొట్టడం మొదలుపెట్టాడు. ఇద్దరు సార్లు పట్టుకుంటే గానీ ఆగలేదు. కొట్టి, అమ్మకి దండం పెట్టి, వాణ్ణి ఈడ్చుకుపోయాడు.

దాంతో విషయం ముగిసిపోయింది. నిజంగానే ముగిసిపోయింది. స్టాఫ్‌రూమ్‌లో అందరూ ఊపిరి పీల్చుకున్నారట. శిక్ష పడిపోయింది, మనం వెయ్యలేదు, ఎవరికీ ఏ కాగితం రాయక్కర్లేదు. ఏ రిజిస్టర్‌లోనూ ఒక లైను ఎక్కలేదు. అమ్మ మెట్ల మీద జారిపడింది.

ఆ కుర్రాడు మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మనం సీఎస్ వాళ్ళం కాబట్టి ఒక్కసారికి మన భాషలో చెప్తాను, మెకానికల్ వాళ్ళు క్షమించాలి. ట్రై బ్లాక్ రాసి, క్యాచ్ బ్లాక్ ఖాళీగా వదిలేస్తే ఏమవుతుందో మనకి ల్యాబ్‌లో అనుభవమే. తప్పు జరుగుతుంది, ప్రోగ్రామ్ మాత్రం ఏమీ జరగనట్టే ముందుకెళ్ళిపోతుంది, లాగ్‌లో ఏమీ ఉండదు. తర్వాత ఎక్కడో, సంబంధం లేని చోట పగులుతుంది. మన ప్రభుత్వ బళ్ళలో క్రమశిక్షణ సంగతి అలాగే ఉంది అనిపిస్తుంది నాకు.

గ్రూప్‌లో అందరూ తిట్టింది చట్టాన్ని. కాబట్టి చట్టంలో ఏముందో చదివాను. పిల్లల్ని కొట్టకూడదు అన్నది నిన్నమొన్న వచ్చిన మాట కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే విద్యా నిబంధనలు మార్చి బళ్ళలో దెబ్బల్ని నిషేధించారు. అంటే నేను పుట్టకముందే. మా ప్రైవేట్ స్కూల్లో లెక్కల సార్ డస్టర్‌తో నా వేళ్ళ కణుపుల మీద కొట్టిన నాటికి ఆ నిషేధానికి పదేళ్ళు పైనే. ఆ తర్వాత 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. అందులో 17వ సెక్షన్ దెబ్బల్నీ, మనసు గాయపరచడాన్నీ రెండింటినీ నిషేధించింది. 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఎవర్నీ బడి నుంచి తీసేయకూడదు. (పరీక్ష తప్పితే అదే క్లాసులో ఉంచడం అనేది వేరే గొడవ. దాన్ని 2019లో సవరించారు. జనం ఈ రెండూ కలిపేస్తారు.)

ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసిన సంగతి ఒకటుంది. ఆ చట్టంలో 'చైల్డ్' అంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు. అందరూ "విద్యాహక్కు చట్టం వచ్చాక పిల్లల్ని ఏమీ అనలేకపోతున్నాం" అంటారు కదా, పెద్ద గొడవలు జరిగే తొమ్మిది, పది తరగతులు దాదాపుగా ఆ చట్టం బయటే ఉన్నాయి. మా అమ్మ క్లాసులో కుర్రాడికి టీసీ ఇచ్చి పంపేస్తే ఆ చట్టం అడ్డు రాదు. వాడు తనంతట తాను మానేస్తే అసలు అడిగేవాళ్ళే లేరు. కాబట్టి చట్టం చేతులు కట్టేసింది అనేది సగం మాటే. బెత్తం మాత్రం పిల్లలందరి విషయంలో తీసేశారు. తీసేసిన చోట ఏం పెట్టారు అంటే, ఏమీ పెట్టలేదు. నాకున్న ఫిర్యాదు అదే.

2024 డిసెంబర్ మొదటి వారంలో రాయచోటిలో ఒక ప్రభుత్వ హైస్కూల్ టీచర్ చనిపోయారు. అల్లరి చేస్తున్నవాళ్ళని మందలిస్తే తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు దాడి చేశారని వార్త. అది కేసు అయింది, అందులో ఎవరి తప్పెంత అన్నది కోర్టు చూసుకుంటుంది. అదే వారంలో డిసెంబర్ 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. అమ్మ స్కూల్లో కూడా ముగ్గులు, ముగ్గుల పోటీలు, ఫొటోలు. అమ్మావాళ్ళు రాయచోటి గురించి మాట్లాడుకున్నది స్టాఫ్‌రూమ్‌లో, తలుపు దగ్గరగా వేసుకుని. తల్లిదండ్రులందరూ ఒకే చోట కూర్చున్న రోజది. మన బడిలో ఇలాంటిది జరిగితే ఏం చేద్దాం అని అడగడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. ఎవరూ అడగలేదట.

ఇప్పుడు బెత్తం పార్టీకి జవాబు. వాళ్ళు నా స్నేహితులే, రాత్రి మెస్సులో మళ్ళీ కలిసి కూర్చోవాలి, కాబట్టి జాగ్రత్తగా చెప్తాను.

దెబ్బలు తిన్నా కాబట్టే సీటొచ్చింది అనేవాడు సీటొచ్చినవాడే. దెబ్బలు తిని బడి మానేసినవాడు మన గ్రూప్‌లో లేడు, వాడి అభిప్రాయం మనం వినం. ఇంకో సంగతి, దెబ్బలు అందరికీ సమానంగా పడేవి కావు. అమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊరి బడిలో కోదండం వేయించుకున్నవాళ్ళ పేర్లు ఇప్పటికీ చెప్తుంది. వాళ్ళలో ప్రెసిడెంట్ గారి మనవడు లేడు, కరణం గారి అబ్బాయి లేడు. ఎవరి నాన్న వచ్చి అడగలేడో వాళ్ళ పిల్లల మీదే బెత్తం బాగా పనిచేసేది. ఇక ఆ తొమ్మిదో తరగతి కుర్రాడి సంగతి. కోపం వస్తే చేతిలో ఉన్నది విసరాలని వాడికి ఎవరు నేర్పారో ఆ రోజు స్టాఫ్‌రూమ్‌లో అందరూ కళ్ళారా చూశారు. బెల్టు తీయడానికి ఆ నాన్నకి రెండు సెకన్లు కూడా పట్టలేదట. దెబ్బలతో దారికొచ్చేవాడైతే వాడు ఎప్పుడో వచ్చి ఉండాలి.

అలాగని ఇంకో పార్టీ ఉంది, వాళ్ళ మాట కూడా నాకు నచ్చదు. పిల్లలన్నాక అల్లరి చేస్తారు, ప్రేమగా చెప్తే అన్నీ సర్దుకుంటాయి అంటారు. కుట్లు వాళ్ళ అమ్మకి పడలేదు కాబట్టి అనగలుగుతారు. ఆ క్లాసులో ఆ రోజు ఇంకా ముప్పై ఎనిమిది మంది ఉన్నారు. ముందు బెంచీలో ఆడపిల్లలు ఉన్నారు, రక్తం వాళ్ళ నోట్సుల మీద పడింది. వాళ్ళకి వేరే బడి లేదు. నాకు ఉండింది. మా అమ్మ ప్రభుత్వ టీచర్ అయ్యుండి నన్ను ప్రైవేట్ ఇంగ్లిష్ మీడియంలో వేసింది. ఎందుకు వేశావని చిన్నప్పుడు అడిగితే ఇంగ్లిష్ కోసం అంది. మొన్న ఫోన్‌లో మళ్ళీ అడిగితే వెంటనే జవాబు రాలేదు. "ఇంగ్లిషొకటే కాదులే" అంది. బడిలో పట్టు తప్పితే ముందు నష్టపోయేది డబ్బుల్లేని ఇంట్లో బాగా చదువుకునే పిల్ల. డబ్బున్న పిల్ల వేరే స్కూల్‌కి వెళ్ళిపోతుంది. అందుకే క్రమశిక్షణ అనే మాటని బెత్తం పార్టీకి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ఇంతవరకూ రాసి వారం రోజులు పక్కన పెట్టాను. తర్వాతి పేరా రాయాలా వద్దా అని.

నేనూ ఒకణ్ణి కొట్టాను. ఎనిమిదో తరగతిలో, కోవిడ్ ముందటి ఏడాది. ముగ్గురం కలిసి ఒకణ్ణి వాష్‌రూమ్‌లో పెట్టి తలుపు బిగించాం. వాడు గోల చేస్తే తలుపు తీసి, నేనే మొదట చెయ్యి చేసుకున్నాను. వాడి పెదవి చిట్లింది. కారణం చెప్పమంటే ఇప్పటికీ సరైన కారణం లేదు. క్రికెట్ టీమ్ గొడవ అని అప్పుడు చెప్పాను.

మా స్కూల్లో ఒక కౌన్సిలర్ మిస్ ఉండేవారు. సీబీఎస్ఈ గుర్తింపు కావాలంటే కౌన్సిలర్ ఉండాలని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది. మా స్కూల్ ఆవిణ్ణి ప్రేమతో పెట్టుకుందో నిబంధన కోసం పెట్టుకుందో నాకు తెలియదు, ఆవిడైతే పని చేశారు. ఆ రోజే మా ముగ్గురిచేత విడివిడిగా రాయించారు. ఏం జరిగింది, ఎవరు ఏం చేశారు, అప్పుడు నువ్వు ఏమనుకున్నావు. ఒకడు రాసింది ఇంకొకడికి చూపించలేదు. మర్నాటి నుంచి మూడు రోజులు మాకు క్లాసు లేదు, కానీ ఇంటికీ పంపలేదు. లైబ్రరీలో విడిగా కూర్చుని క్లాసువర్క్ అంతా రాయాలి, లంచ్‌లో గ్రౌండ్‌కి వెళ్ళకూడదు. నాలుగో రోజు ఆ అబ్బాయి, వాళ్ళమ్మ, నేను, మా అమ్మ, మిస్. మిస్ మాట్లాడలేదు. ఆ అబ్బాయిని మాట్లాడమన్నారు. వాడు ఎక్కువ చెప్పలేదు. ఆ రోజు నుంచి స్కూల్లో నీళ్ళు తాగడం మానేశానని చెప్పాడు. వాష్‌రూమ్‌కి వెళ్ళాల్సి వస్తుందని.

డస్టర్ దెబ్బలు నేను మర్చిపోయాను. ఈ మాట మర్చిపోలేదు.

తర్వాత ఒక టర్మ్ అంతా ప్రతి శుక్రవారం మిస్ దగ్గరికి వెళ్ళి సంతకం పెట్టాలి. ఆవిడ వాణ్ణి కూడా విడిగా పిలిచి అడిగేవారు. అంతే. నా టీసీ మీద ఏమీ రాయలేదు. నేను పదో తరగతి రాశాను, ఇంటర్ చదివాను, ఎంసెట్ రాసి ఇక్కడికొచ్చి మీ కోసం వ్యాసం రాస్తున్నాను. స్టీలు కంచం విసిరిన కుర్రాడికీ నాకూ తేడా ఏంటని ఆలోచిస్తే, నేను మంచివాణ్ణి అన్న జవాబు రాదు. నాది కావాలని చేసిన పని. వాడిది కోపంలో చేసిన పని. వాడి కోపం ఎందుకో అమ్మకి నెల తర్వాత ముందు బెంచీ ఆడపిల్లలు చెప్పారు. వాళ్ళమ్మ ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. దాని మీద పక్కవాడు రోజూ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. క్లాసులో అందరికీ తెలుసు. టీచర్లకి తెలియదు. అడిగితే తెలిసేది, అడగడం ఎవరి డ్యూటీలోనూ లేదు.

నాకు దొరికిన ఆ మర్నాడు ఫీజు కట్టినవాళ్ళకే ఎందుకు ఉండాలి? ప్రభుత్వం ఇలాంటివి నడపలేదు అంటారేమో. నడిపింది. మన దగ్గరే నడిపింది. మీరందరూ అడ్మిషన్ అప్పుడు యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఇచ్చారు, మీ అమ్మానాన్నలు కూడా ఒకటి ఇచ్చారు. చదవకుండా సంతకం పెట్టామని నాకు తెలుసు, నేనూ అంతే. కానీ దాని వెనక ఎంత కథ ఉందో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. ఫిర్యాదు వచ్చినా కదలని కాలేజీ పెద్ద కూడా నేరానికి తోడ్పడినట్టే అని అందులో ఉంది. 2009 మార్చిలో హిమాచల్‌లో ఒక మెడికల్ విద్యార్థి ర్యాగింగ్ వల్ల చనిపోయాడు. ఆ ఏడాదే యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. అఫిడవిట్, కమిటీ, రాత్రిపూట తిరిగే స్క్వాడ్, హెల్ప్‌లైన్. మన హాస్టల్ గోడ మీద ఆ నంబర్ ఉంది, పక్కనే వాటర్ క్యాన్ వాడి నంబర్ కూడా ఉందనుకోండి. ర్యాగింగ్ పూర్తిగా పోయిందని నేననను. కానీ ఇప్పుడు మన సీనియర్ ఒకడు ఫ్రెషర్‌ని కొడితే, ఆ తర్వాత ఎవరు ఎవర్ని పిలవాలి, ఎక్కడ రాయాలి అన్నది కాగితం మీద ఉంది. సీనియర్‌ని కొట్టాలా వద్దా అని ఎవరూ చర్చ పెట్టరు. పద్దెనిమిది దాటిన మనకి ఇంత ఉంది. పద్నాలుగేళ్ళవాడికీ, వాడి ముందు చాక్‌పీస్ పట్టుకుని నిలబడ్డ టీచర్‌కీ ఏముంది? పిల్లల కోసం 1098 ఉంది, మంచిదే. కంచం దెబ్బ తిన్న లెక్కల టీచర్ ఏ నంబర్‌కి చెయ్యాలి?

నేనడిగేది చాలా చిన్నది. ప్రతి హైస్కూల్లో ఒక సంఘటన రిజిస్టర్. ఎవరు ఏం చేశారు, ఎవరికి ఏం తగిలింది, అదే రోజు రాయాలి. రాస్తే హెడ్మాస్టర్ ఉద్యోగానికి ముప్పు ఉండకూడదు, రాయకపోతేనే ఉండాలి. మన ర్యాగింగ్ చట్టంలో ఉన్న తర్కం అదే. టీచర్‌కి దెబ్బ తగిలితే డ్యూటీలో తగిలిన దెబ్బ అని కాగితం మీద ఉండాలి, సొంత సెలవు పెట్టుకునే గతి ఉండకూడదు. తప్పు చేసిన కుర్రాణ్ణి క్లాసు నుంచి కొన్ని రోజులు తప్పించాలి, బడి నుంచి మాత్రం కాదు. ఇంటికి పంపితే అది శిక్ష కాదు, సెలవు. లేకపోతే బెల్టు. ఆ తర్వాత తిరిగి క్లాసులోకి వచ్చే ముందు దెబ్బ తిన్నవాళ్ళ మాట వాడు కూర్చుని వినాలి. దీనికి తల్లిదండ్రుల కమిటీ ఉండనే ఉంది, విద్యాహక్కు చట్టంలోనే ఉంది, ఇప్పుడు వాళ్ళు ఎక్కువగా సంతకాలకే పనికొస్తున్నారు. కత్తులూ బ్లేడులూ అయితే పోలీసులే రావాలి, అందులో నాకు సందేహం లేదు. ప్రతి బడికీ ఒక కౌన్సిలర్ అంటే డబ్బులు లేవంటారు, సరే, మండలానికి ఒకరితో మొదలుపెట్టండి.

ఇదంతా చేస్తే అద్భుతం జరుగుతుందని చెప్పను. అమెరికాలో పిట్స్‌బర్గ్ ఊరి ప్రభుత్వ బళ్ళలో ఇలా కూర్చోబెట్టి మాట్లాడించే పద్ధతిని పరీక్షించారు. 44 బళ్ళని లాటరీ వేసినట్టు సగం సగం చేసి, సగం చోట్ల రెండేళ్ళు అమలు చేశారు. ర్యాండ్ అనే పరిశోధన సంస్థ 2018లో ఫలితాలు చెప్పింది. పిల్లల్ని ఇంటికి పంపేసే రోజులు తగ్గాయి, బడి వాతావరణం బాగుపడిందని టీచర్లు చెప్పారు. కానీ ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో మార్కులు తగ్గాయి, అరెస్టులు తగ్గలేదు. ఈ రెండో సగం దాచేసి రాయొచ్చు, వ్యాసం ఇంకా అందంగా ఉంటుంది. నాకు దాన్నుంచి అర్థమైంది ఏంటంటే, ఈ పని ఊరికే అవ్వదు. ఎవరో ఒకరి టైమ్ తింటుంది. ఇప్పటికే పని మీద పని ఉన్న టీచర్ నెత్తిన దీన్ని కూడా పెడితే, పాఠం నుంచే టైమ్ కోసుకుంటారు.

మన టీచర్ల టైమ్ సంగతి నాకు మా ఇంట్లోనే తెలుసు. అమ్మ పొద్దున బడికి వెళ్ళగానే ముఖం ఫోన్‌కి చూపించి హాజరు వేసుకోవాలి. పిల్లల హాజరు ఇంకోటి. భోజనం, గుడ్లు ఎక్కించాలి. మరుగుదొడ్లు కడిగారో లేదో ఫొటో తీసి పెట్టమన్న రోజులు కూడా ఉన్నాయి. సిగ్నల్ లేకపోతే గేటు దగ్గర వేపచెట్టు కిందకి వెళ్ళాలి. సెలవులకి ఇంటికెళ్తే ఆ యాప్‌లు అప్‌డేట్ చేసిపెట్టేది నేనే, కాబట్టి ఇది విన్న మాట కాదు. రేపు మనలోనే ఎవరో ఇలాంటి యాప్‌లు రాస్తారు. గుడ్డు ఎన్నో లెక్క పెట్టడానికి ఒక గడి ఉంది. ఈ వారం మీ క్లాసులో ఎవడు సరిగ్గా లేడు అని అడిగే గడి ఏ యాప్‌లోనూ నాకు కనిపించలేదు. కొత్త యాప్ అడగడం లేదు, దండం పెడతాను. ఉన్నవాటిలో రెండు తీసేసి, ఆ అరగంట ఒక టీచర్‌కి ఇవ్వండి.

మొన్న సంక్రాంతికి మా వైపు బళ్ళు, రైళ్ళు కిటకిటలాడాయి. పనులకి హైదరాబాద్, చెన్నై పోయినవాళ్ళందరూ పండక్కి ఊళ్ళకొస్తారు. కనుమ మర్నాడు బస్టాండ్‌లో అమ్మకి వాడు కనిపించాడు. పొడుగయ్యాడట, మీసం వచ్చిందట. హైదరాబాద్‌లో టైల్స్ పని చేసే మేస్త్రి దగ్గర ఉంటున్నాడు. ముందు తప్పుకుపోబోయి, మళ్ళీ తనే వెనక్కొచ్చాడు. "మేడం, అది తగ్గిందా?" అని కనుబొమ్మ వైపు చూపించాడు. ఎప్పుడో తగ్గిపోయిందిరా అని అమ్మ చెప్పింది. పది పాసైతే సూపర్‌వైజర్‌గా పెట్టుకుంటానని ఎవరో అన్నారట, ఇప్పుడు రాయొచ్చా అని అడిగాడు. ఓపెన్ స్కూల్లో రాయొచ్చు, పద్నాలుగు దాటితే చాలు, బడికి రోజూ రానక్కర్లేదు అని చెప్పి, అమ్మ బస్ టికెట్ వెనక తన నంబర్ రాసిచ్చింది.

ఎనిమిదో తరగతి దాకా వాడి మార్కులు, పుట్టినరోజు తేదీ స్కూల్ రికార్డులో ఉన్నాయి. అమ్మ వాటిని రాసి తెచ్చి ఇంట్లో క్యాలెండర్ వెనక పెట్టింది. ఆదివారం ఫోన్ చేసినప్పుడల్లా నేను అడుగుతున్నాను. ఇంకా వాడు ఫోన్ చెయ్యలేదట.